సైన్యంలో ఆయుధ శిక్షణ ఇచ్చిన అనుభవంతో టెక్సాస్‌లో చేతి తుపాకి బోధకుడు కావాలంటే, బెంగళూరులో ఉండగానే ఏం సిద్ధం చేసుకోవాలి?

హలసూరు సుబేదారు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు జిల్లాలో పలమనేరు వైపు ఒక పల్లె. మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసి, సుబేదారుగా విరమించి, ఆరేళ్లుగా బెంగళూరు రామమూర్తినగర్‌లో ఉంటున్నాను. సర్వీసులో దాదాపు సగం కాలం కొత్తగా చేరిన కుర్రాళ్లకు ఆయుధ శిక్షణ ఇవ్వడమే నా పని. అక్కడ మమ్మల్ని ఉస్తాద్ అనేవారు. ఇన్సాస్ రైఫిలూ 9 ఎం.ఎం. పిస్తోలూ విప్పి బిగించడం, పట్టు, గురి, ట్రిగ్గర్ నొక్కే తీరు, ఇవన్నీ వేల మందికి నేర్పి ఉంటాను.

మా అమ్మాయి డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటుంది. అక్కడి పౌరసత్వం వచ్చాక మా ఇద్దరికీ గ్రీన్ కార్డు కోసం దరఖాస్తు పెట్టింది. అన్నీ సవ్యంగా జరిగితే వచ్చే ఏడాది వెళ్తాం. మనవణ్ణి ఎత్తుకుని తిరగడం తప్ప అక్కడ నాకు పనేముంటుందని నేను దిగులు పడుతూ ఉంటే, తుపాకిని దాచి మోసేందుకు లైసెన్సు తీసుకునేవారికి పాఠం చెప్పే బోధకులు అక్కడ ఉంటారని, ఆ పని నాకు సరిపోతుందని అల్లుడు అన్నాడు. ఆ మాట మనసులో నాటుకుపోయింది.

నా సందేహాలు ఇవి. భారత సైన్యంలో నేను చేసిన పనిని అక్కడ లెక్కలోకి తీసుకుంటారా? నాకు ఇక్కడ సొంత ఆయుధ లైసెన్సు లేదు. విరమించిన తరువాత పిస్తోలు ముట్టుకోలేదు. ఈ వ్యవధిలో చెయ్యి తుప్పు పట్టకుండా బెంగళూరులో న్యాయబద్ధంగా సాధన చేసే మార్గం ఏదైనా ఉందా? టెక్సాస్‌లో ఇప్పుడు లైసెన్సు లేకుండానే తుపాకి మోయవచ్చని కూడా విన్నాను. అదే నిజమైతే నా దగ్గరికి పాఠానికి వచ్చేవారెవరు? నా ఇంగ్లీషు సైన్యపు ఇంగ్లీషు, అంటే సగం హిందీ. అది అడ్డవుతుందేమో కూడా చెప్పండి.

ప్లేనో వాసి

సుబేదారు గారూ, ముందుగా పేరు సరిచేసుకుందాం, ఎందుకంటే పాత పేరుతో వెతికితే పాత నిబంధనలే దొరుకుతాయి. తుపాకిని దాచి మోసే లైసెన్సుకు టెక్సాస్‌లో 1995లో చట్టం చేశారు. 1996 జనవరి నుంచి లైసెన్సులు అమల్లోకి వచ్చాయి. 2016 జనవరి 1 నుంచి ఒరలో పెట్టుకుని పైకి కనబడేలా మోయడానికి కూడా అనుమతి ఇవ్వడంతో ‘దాచి’ అనే మాట రాలిపోయి, అది లైసెన్స్ టు క్యారీ, పొట్టిగా ఎల్.టి.సి. అయింది. లైసెన్సు ఇచ్చేదీ, బోధకుణ్ణి ధ్రువీకరించేదీ రాష్ట్ర ప్రజా భద్రతా శాఖ, అంటే డి.పి.ఎస్.

మిగతా వాటికంటే ముందు మీరు గట్టిగా గుర్తుంచుకోవలసినది వీసా సంగతి. గ్రీన్ కార్డు ఆలస్యమై, మధ్యలో మనవడి పుట్టినరోజుకని సందర్శకుల వీసాతో వచ్చారనుకోండి, అల్లుడు సరదాగా కాల్పుల సాధన చేసే రేంజికి తీసుకెళ్లినా మీరు తుపాకి పట్టుకోకండి. తాత్కాలిక వీసా మీద ఉన్నవారి దగ్గర తుపాకి గాని, తూటా గాని ఉండడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నా, వాటిని నమ్ముకుని అడుగు వేయవద్దు. హెచ్-1బి మీద ఉన్న మన కుర్రాళ్లకు ఈ సంగతి తెలియక, రేంజిలో ఫొటోలు దిగి ఫేస్‌బుక్‌లో పెట్టుకుంటూ ఉంటారు. చూస్తే నాకే గుండె దడ పుడుతుంది. నేను పదకొండేళ్లు హెచ్-1బి మీద ఉండి, గ్రీన్ కార్డు చేతికి వచ్చాకనే మొదటిసారి తుపాకి పట్టుకున్నాను.

మీ మొదటి సందేహానికి సమాధానం కొంత నిరాశ కలిగించవచ్చు. బోధకుడి అర్హతకు చట్టం మూడు దారులు చూపిస్తుంది. పోలీసు శిక్షణను గాని, ప్రైవేటు భద్రతా రంగాన్ని గాని పర్యవేక్షించే రాష్ట్ర వ్యవస్థ కింద చేతి తుపాకి శిక్షకుడిగా ధ్రువపత్రం ఉండడం ఒకటి. క్రమం తప్పకుండా శిక్షణ ఇస్తూ ఉండి, దేశమంతటా ఆమోదం పొందిన పాఠ్యక్రమం గల బోధకుల బడిలో ఉత్తీర్ణులు కావడం రెండోది. నేషనల్ రైఫిల్ అసోసియేషన్ చేతి తుపాకి బోధకుడిగా ధ్రువీకరించడం మూడోది. భారత సైన్యపు ఉస్తాదు పదవి ఈ మూడింటిలో దేనికిందకీ నేరుగా రాదు. కొత్తగా వచ్చేవారికి మూడో దారే సులువని నా అభిప్రాయం. ముందు ఆ సంస్థవారి బోధన పద్ధతుల కోర్సు, తరువాత పిస్తోలు బోధకుల కోర్సు పూర్తిచేసి, ఆ పత్రంతో డి.పి.ఎస్.కు దరఖాస్తు చేసుకోవాలి. లైసెన్సు కోరేవారికి చేసే నేపథ్య విచారణే బోధకుడికీ చేస్తారు. లైసెన్సుకు అర్హత లేనివాడు బోధకుడు కాలేడు. లైసెన్సు అర్హతల్లో దరఖాస్తుకు ముందు ఆరు నెలలు టెక్సాస్‌లో నివాసం ఉండాలన్నది ఒకటి కనుక, దిగిన వెంటనే పని మొదలవుతుందని అనుకోకండి. వచ్చిన ధ్రువపత్రం కూడా రెండేళ్లకు ముగుస్తుంది, మళ్లీ పునరుద్ధరించుకోవాలి.

కాల్పుల పరీక్ష మీకు కష్టం కాదు. మనిషి మొండెం ఆకారం ముద్రించిన బి-27 అనే కాగితం మీద 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10, మొత్తం 50 తూటాలు కాల్చాలి. మధ్య వలయాల్లో పడితే 5 మార్కులు, ఏడో వలయంలో 4, ఆకారం మీద ఇంకెక్కడ పడినా 3. మొత్తం 250కి విద్యార్థికి 175 చాలు. బోధకుడికి నూటికి తొంభై, అంటే 225 రావాలి. మూడు గజాలంటే మన హాల్లో సోఫాకూ టీవీకీ మధ్య ఉన్నంత దూరం. అయితే రెండు సెకన్లలో ఒక తూటా, మూడు సెకన్లలో రెండు అంటూ గడియారం పెడతారు. ఓపికగా గురి చూసే అలవాటున్నవాళ్లు తడబడేది అక్కడే.

లైసెన్సు అవసరం గురించి మీరు విన్నది నిజమే. 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టపరంగా తుపాకి కలిగి ఉండగల వ్యక్తి లైసెన్సు లేకుండానే దాన్ని మోయవచ్చు. అయినా లైసెన్సుకు విలువ పూర్తిగా పోలేదు. టెక్సాస్ లైసెన్సును గుర్తించే ఇతర రాష్ట్రాల్లో అది చెల్లుతుంది. దుకాణంలో తుపాకి కొనేటప్పుడు అప్పటికప్పుడు చేసే ఫెడరల్ విచారణకు బదులుగా దాన్ని చూపవచ్చు. బడికి వెయ్యి అడుగుల లోపు తుపాకితో తిరగడాన్ని నిషేధించే ఫెడరల్ చట్టంలో రాష్ట్ర లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. పిల్లల్ని బడి దగ్గర దింపే తల్లిదండ్రులకు ఇది చిన్న విషయం కాదు. కాబట్టి జనం వస్తారు గాని, తరగతి పాఠం ఆన్‌లైన్‌లో ముగించి కాల్పుల పరీక్షకు మాత్రమే వచ్చేవారు కూడా ఉంటారు. మీ అల్లుడు లెక్క కట్టినంత ఆదాయం ఉంటుందని నేను అనుకోను.

అసలు పని తరగతి గదిలో ఉంది. నాలుగు గంటలకు తగ్గకుండా, ఆరు గంటలకు మించకుండా నాలుగు అంశాలు చెప్పాలి: ఆయుధాలకూ ప్రాణాంతక బలప్రయోగానికీ సంబంధించిన చట్టాలు, చేతి తుపాకి వాడకమూ భద్రతా, హింస లేకుండా తగాదాను తప్పించుకునే పద్ధతులు, ఇంట్లో పిల్లల చేతికి అందకుండా భద్రపరచడం. మన పద్ధతిలో ‘ఉస్తాదు’కు తెలిసింది వీటిలో రెండోది ఒక్కటే. విద్యార్థులు ఏమడుగుతారో ఒక ఉదాహరణ చెబుతాను. మా వీధి చివర ఉన్న మనవాళ్ల కిరాణా కొట్టు అద్దం తలుపు మీద ‘తాజా కరివేపాకు వచ్చింది’ అని తెలుగులో రాసిన చీటీ, దాని పక్కనే అంగుళం ఎత్తు అక్షరాలతో ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ రెండు పెద్ద నోటీసులు ఉంటాయి. వాటిని శిక్షాస్మృతి సెక్షన్ల అంకెలతోనే పిలుస్తారు: 30.06 అన్నది దాచిన తుపాకితో రావద్దనీ, 30.07 అన్నది పైకి కనబడే తుపాకితో రావద్దనీ చెబుతాయి. మొదటిది మాత్రమే ఉంటే ఏమిటి, రెండోది మాత్రమే ఉంటే ఏమిటి, మద్యం అమ్మకమే ప్రధానమైన చోట పెట్టే ఎర్రని ‘51 శాతం’ బోర్డు ఉంటే ఏమిటి, గుడికి తీసుకెళ్లవచ్చా (యాజమాన్యం నోటీసు ద్వారా నిషేధించకపోతే చట్టం దానంతట అది అడ్డుపడదు), ఇలాంటి ప్రశ్నలతోనే సగం తరగతి గడిచిపోతుంది.

పదిమీటర్ల పంతులమ్మ

సుబేదారు గారికి నమస్కారం. నేను బెంగళూరులో ఎయిర్ పిస్టల్ నేర్పుతాను. మీ రెండో సందేహానికి నేను సమాధానం చెప్పగలను.

2016 నాటి ఆయుధాల నియమావళి ప్రకారం 0.177 బోరు, అంటే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టల్‌కు, శక్తి 20 జౌల్స్ దాటనంతవరకు లైసెన్సు అక్కర్లేదు. గుర్తింపు, చిరునామా పత్రాలు ఇచ్చి కొనుక్కోవచ్చు, లేదా ఏ శిక్షణ కేంద్రంలోనైనా గంటల లెక్కన సాధన చేయవచ్చు. అయితే ఇది మీరు అక్కడ వాడబోయే ఆయుధానికి నకలు కాదు. మేము ఒంటి చేత్తో, పది మీటర్ల దూరంలో 11.5 మిల్లీమీటర్ల వెడల్పుండే పదో వలయానికి గురిపెట్టి, 75 నిమిషాల్లో 60 గుళ్లు కాలుస్తాం. మా ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములు ఉండాలన్నది పోటీ నియమం. అక్కడ నడుముకు పెట్టుకునే పిస్తోళ్లలో ట్రిగ్గర్‌కు రెండున్నర కిలోల బరువు ఉండడం మామూలు. అయినా గురి చూసేందుకు గొట్టం కొసన ఉండే ముందు సూదిని కదపకుండా ట్రిగ్గర్ నొక్కే విద్య రెండింటికీ ఒకటే. గుండు లేకుండా ఖాళీ పిస్తోలు గొట్టం మీద రూపాయి బిళ్ల నిలబెట్టి, అది పడకుండా వరుసగా ఇరవై సార్లు నొక్కి చూడండి. ఆరేళ్ల తుప్పు ఎంతుందో మీ వేలే చెబుతుంది.

కాని నేను రాయాలనుకున్నది వేరే సంగతి. మూడేళ్ల క్రితం మీలాగే సైన్యంలో శిక్షణ ఇచ్చి విరమించిన ఒక పెద్దాయన మా దగ్గర పిల్లలకు నేర్పుతానని వచ్చారు. ఆయన గురి చూస్తే నాకే ఈర్ష్య కలిగేది. మొదటి వారంలో పదమూడేళ్ల అమ్మాయి గుళ్లన్నీ ఎడమ పక్కకు, కిందికి పోతున్నాయి. ఆయన లక్ష్యపు కాగితం చూసి, కుడికి, పైకి గురి మార్చమని గట్టిగా అరిచారు. అమ్మాయి అలాగే చేసింది. తరువాతి గుండు ఇంకా కిందికి పోయింది. మళ్లీ అరిచారు. నేను పక్కన నిలబడి అమ్మాయి చెయ్యి చూస్తున్నాను, కాగితం కాదు. మోగే చప్పుడుకు ముందే భయపడి, మణికట్టు బిగించి, ట్రిగ్గర్‌ను ఒక్కసారిగా గుంజుతోంది. కుడిచేతి వాటం వాళ్లకు ఎడమ పక్క కిందికి పోయే గుళ్లకు సాధారణంగా కారణం అదే. గురిలో తప్పేమీ లేదు. ఆయన అరిచిన కొద్దీ ఆ గుంజుడు పెరిగింది. మరుసటి రోజు ఆ అమ్మాయి రాలేదు.

సైన్యంలో కుర్రవాడు వెళ్లిపోలేడు, ఎన్నిసార్లు అరిచినా మరుసటి ఉదయం వరుసలో నిలబడతాడు. మీ దగ్గరికి వచ్చేవారు డబ్బు కట్టి వచ్చే నలభై ఏళ్ల గృహిణి, కళ్లద్దాల ఇంజనీరు, భర్త పోయి ఒంటరిగా ఉండే పెద్దావిడ. వారిలో కుడిచేతి వాటమై ఎడమ కన్ను ప్రధానమైనవారు ఉంటారు. రెండు చేతులతో చిన్న త్రికోణం చేసి, దూరాన ఉన్న వస్తువును అందులోంచి చూసి, ఒక్కో కన్ను మూసి చూడమంటే ఏ కన్ను ప్రధానమో నిమిషంలో తేలిపోతుంది. సైన్యంలో మీరు ఇది ఎంతమందికి చేసి చూశారో నాకు తెలియదు గాని, ఇక్కడ ప్రతి కొత్త విద్యార్థికీ మొదటి పని అదే.

కాబట్టి నా సలహా ఏమిటంటే, సాధనకంటే బోధనకు ఎక్కువ సమయం పెట్టుకోండి. మా దగ్గర శనివారం ఉదయం కొత్తవారి తరగతి ఉంటుంది. రండి, మొదటి నెల ఏమీ నేర్పకుండా విద్యార్థుల చేతులు మాత్రమే చూడండి. రెండో నెల నుంచి పది నిమిషాల భద్రతా పాఠం ఇంగ్లీషులో చెప్పండి, ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఇంగ్లీషు గురించి మీరు పడుతున్న బెంగ అక్కడే తీరిపోతుంది. ఆ పాఠానికి కావలసినవి పెద్ద మాటలేమీ కావు: తుపాకిని ఎప్పుడూ ప్రమాదం లేని దిక్కుకే తిప్పి ఉంచు, కాల్చడానికి సిద్ధపడేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకు, వాడే వేళ వచ్చేదాకా తూటాలు నింపకు. వీటిని చిన్నపిల్లకైనా అర్థమయ్యేలా ఇంగ్లీషులో చెప్పగలిగితే చాలు.

సివిల్ కోర్టు మెట్లు

నేను ఇక్కడ న్యాయవాద వృత్తిలో ఉన్నాను. టెక్సాస్ చట్టంలో పట్టా లేదు గాని, మా తమ్ముడు అక్కడ ఉండడం వల్ల ఆ శిక్షాస్మృతిలో తొమ్మిదో అధ్యాయం శ్రద్ధగా చదివాను. సుబేదారు గారు రేపు చెప్పబోయే పాఠానికి అదే గుండెకాయ.

మన చట్టంలోనూ ఆత్మరక్షణ హక్కు ఉంది. పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 వరకు ఉన్న సెక్షన్లు, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు వచ్చాయి. ప్రభుత్వ అధికారుల రక్షణ కోరేందుకు వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు వర్తించదని మన చట్టం చెబుతుంది. టెక్సాస్‌లో, ఉండే హక్కున్న చోట ఉండి, తాను రెచ్చగొట్టకుండా, నేరం చేయకుండా ఉన్న వ్యక్తి వెనక్కి తగ్గవలసిన బాధ్యత లేదని 2007లో చట్టాన్ని మార్చారు. రాత్రిపూట దొంగతనం వంటి కొన్ని సందర్భాల్లో ఆస్తి కోసం కూడా ప్రాణాంతక బలప్రయోగాన్ని షరతులతో సమర్థించే 9.42 అనే సెక్షన్ ఉంది. మనవాళ్లు ఈ ఒక్క సెక్షన్ విని, ఇంటి ముందు కారు అద్దం పగలగొట్టినవాణ్ణి కాల్చేయవచ్చు కదా అని ఉత్సాహంగా అడుగుతారు. మీరు దాని పక్కనే 9.31లో ఉన్న ఒక చిన్న వాక్యాన్ని చెప్పడం మరవకండి: కేవలం మాటలతో రెచ్చగొట్టినంత మాత్రాన బలప్రయోగం సమర్థనీయం కాదు. పార్కింగ్ దగ్గర తిట్టాడన్న కోపంతో నడుము మీదికి చెయ్యి పోయే మనిషికి మీరు నేర్పవలసింది ఆ వాక్యమే. పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి తుపాకి అందేలా వదిలేయడం 46.13 కింద నేరం కావచ్చన్నది రెండోది. తాతగారిగా మీ ఇంట్లోనే దానితో మొదలుపెట్టవలసి వస్తుంది. అలాగే, ఎవరైనా తమకు జరిగిన సంఘటన చెప్పి సలహా అడిగితే, న్యాయవాదిని కలవమని చెప్పి ఊరుకోండి. బోధకుడి పరిధి చట్టాన్ని వివరించడం వరకే.

ఇక్కడి చట్టం గురించి కూడా ఒక మాట. 9 ఎం.ఎం. మన దేశంలో నిషిద్ధ బోరు, అంటే మామూలు పౌరులకు అనుమతి లేని రకం. పాత మిత్రుల ద్వారా ఎక్కడైనా కాల్చి చూద్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి. ప్రయాణానికి ముందు పెట్టెలన్నీ విప్పి దులపండి. మా పెద్దనాన్న గారు విరమణ గుర్తుగా దాచుకున్న ఖాళీ తూటా గుల్ల, పాత యూనిఫారం జేబులో ఉండిపోయి, విమానాశ్రయం తనిఖీలో బయటపడింది. ఆయన్ని నాలుగు గంటలు కూర్చోబెట్టి రాతపూర్వకంగా వివరణ తీసుకున్నారు; విమానం వెళ్లిపోయింది. తప్పు ఆయనదే, కాదనను. గ్రీన్ కార్డు విచారణ నడుస్తున్న మనిషికి మాత్రం అలాంటి కాగితం ఏదీ పుట్టకపోవడమే మంచిది.

హలసూరు సుబేదారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. న్యాయవాది గారి మాట చదివిన రాత్రే ట్రంకుపెట్టె విప్పాను. గుల్లలు లేవు గాని, 1998 నాటి ఒక క్లీనింగ్ రాడ్డు దొరికింది. అది ఇక్కడే ఉంటుంది.

పంతులమ్మ గారు చెప్పిన ప్రకారం ఒక ప్రయోగం చేశాను. టేకు చెక్కతో పిస్తోలు ఆకారం చెక్కి, మా ఆవిడను విద్యార్థినిగా కూర్చోబెట్టి, భద్రతా పాఠం పది నిమిషాలు ఇంగ్లీషులో చెప్పి ఫోన్‌లో రికార్డు చేశాను. మరునాడు విన్నాను. ‘ఠీక్ హై’ అని ముప్పై ఒక్కసారి అన్నాను. రెండు చోట్ల ‘ఖాలీ కర్’ అని ఆజ్ఞాపించాను. ఆరో నిమిషంలో మా ఆవిడ, మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) తీసేశాక కూడా లోపల తూటా ఎలా ఉంటుందని అడిగింది. ఇన్నేళ్లలో ఏ రంగరూటూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. అడిగే అవకాశం నేను ఇవ్వలేదని ఇప్పుడు తోస్తోంది. సమాధానం చెప్పడానికి బదులు, ‘చెప్పింది చెయ్యి’ అన్నాను. రికార్డులో ఆ మాట తరువాత కొంతసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ రోజు సాయంత్రం బాల్‌పెన్ను రీఫిల్‌ను ఛాంబరులో, అంటే పేలడానికి సిద్ధంగా తూటా కూర్చునే గదిలో, తూటాగా, అగ్గిపెట్టెను మ్యాగజైనుగా పెట్టి, మొదట మ్యాగజైన్, తరువాత ఛాంబర్, చివరికి కంటితోనూ చిటికెన వేలితోనూ తడిమి చూడడం అనే వరుస ఎందుకో ఆవిడకు తెలుగులో వివరించాను. వరుస తారుమారైతే, అంటే స్లైడు (పిస్తోలు పైన వెనక్కి జరిగే భాగం) ముందు లాగి మ్యాగజైను తరువాత తీస్తే, ఇంకో తూటా ఛాంబరులోకి ఎక్కి కూర్చుంటుందని చూపించగానే, ‘ఇది ముందే చెప్పి ఉంటే సరిపోయేది కదా’ అంది. పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టాలని రాసుకున్నాను.

ప్లేనో వాసి గారూ, వీసా సంగతి అల్లుడికి చదివి వినిపించాను, అతనికీ తెలియదట. ఆదాయం విషయంలో నాకు ఆశ లేదు, పింఛను వస్తుంది. మీ కిరాణా కొట్టు తలుపు ఫొటో తీసి పెడితే, దానితోనే చట్టం పాఠం తయారుచేసుకుంటాను.

పంతులమ్మ గారూ, ఈ శనివారం ఏడు గంటలకు వస్తాను. ఆ చెక్క పిస్తోలు తెచ్చుకోవచ్చా?

పదిమీటర్ల పంతులమ్మ

వద్దండీ. బస్సులో మీ సంచిలోంచి అది తొంగిచూస్తే, పక్కన కూర్చున్నవారికి అది టేకుదని తెలియదు. ఖాళీ చేతులతో రండి. చెవులకు పెట్టుకునేవి, కళ్లద్దాలు ఇక్కడ ఉన్నాయి. వీలైతే అమ్మగారిని కూడా తీసుకురండి, కొత్తవారి తరగతిలో ఇంకో స్థానం ఖాళీగా ఉంది.